గోడకూ తలకూ మధ్య

బేకరీ వెనక గదిలో, ఓవెన్ల వేడికి దూరంగా, కిటికీ పక్కన ఒక తిరిగే పీట ఉంది. దాని మీద కేకు పెట్టి, ఎడమ చేత్తో పీటను మెల్లగా తిప్పుతూ, కుడి చేత్తో క్రీము కోను నొక్కుతూ గులాబీలు పూయించేది ఆవిడే. అసలు పేరుతో పిలిచేవాళ్ళు బ్యాంకులో తప్ప ఎక్కడా లేరు. చిన్నాపెద్దా అందరికీ ఆవిడ క్రీమక్క. చేయి వణకని మనిషి. కేకు అంచు చుట్టూ గోరంత అక్షరాలతో శుభాకాంక్షలు రాస్తూ కూడా, ఎవరైనా పలకరిస్తే తలెత్తకుండానే జవాబు చెప్పేది. గీత మాత్రం తప్పేది కాదు.

భర్త సిటీ బస్సు డ్రైవరు. ఏళ్ళ తరబడి ఇంజను పక్కన కూర్చుని మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు మామూలు స్థాయికి దిగడం మరిచిపోయింది. మంచినీళ్ళు అడిగినా పక్కింటివాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. డిపోలో ఆయన్ని హారన్ అనేవాళ్ళు. మనిషి కూడా నిలువెత్తు తలుపులా ఉంటాడు. పైగా గుబురు మీసం. చూడగానే పిల్లలు తల్లి వెనక దాక్కుంటారు. లోపల మాత్రం వెన్నపూస. చీమను తొక్కాల్సి వస్తే చెప్పులు విడిచి పక్కకు తప్పుకునే రకం. కానీ ఆ సంగతి తెలిసింది భార్యకొక్కదానికే. లోకం చూసేది మీసాన్నే కదా.

ఇద్దరూ మూడంతస్తుల పాత బిల్డింగులో మొదటి అంతస్తులో అద్దెకుండేవాళ్ళు. వంటింటి గోడకు అవతలే మెట్లు. ఆ గోడ ఎంత పలచనంటే, మెట్లెక్కేవాళ్ళు ఏ కూర వేగుతోందో వాసన చూసి కాదు, చప్పుడు విని చెప్పగలరు.

ఆ నొప్పి మొదటిసారి వచ్చింది చలికాలం వెళ్ళిపోతున్న రోజుల్లో. బేకరీ నుంచి వచ్చి చేతులు కడుక్కుంటోంది. ఎడమ కన్ను వెనక ఎవరో ఓవెన్ తలుపు తెరిచినట్టయింది. వేడిగాలి కొట్టినట్టు ఒక్క క్షణం. ఆ తర్వాత అది మంట కాదు, పోటు కాదు, దేనికీ పోల్చడానికి వీల్లేని ఇంకేదో. ఆ కన్నొక్కటే ఎర్రబడి నీళ్ళు కారింది. ఆ పక్క ముక్కు ఒక్కటే కారింది. రెప్ప సగానికి వాలిపోయింది. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే నడవాలనిపించింది. గది ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగింది. అంతకంటే పెద్ద నొప్పి ఏదైనా తెచ్చుకుంటే ఇది తగ్గుతుందేమోనని గోడకేసి నుదురు కొట్టుకుంది. వీధి దీపాలు వెలిగే వేళకి మొదలైంది, చుట్టుపక్కల ఇళ్ళలో వంటలు పూర్తయ్యే వేళకి తీసేసినట్టు పోయింది. నేల మీద కూర్చుని, చెమటతో తడిసిన జాకెట్టు ఆరేదాకా కదల్లేదు.

మర్నాడు సరిగ్గా అదే వేళకి మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. అద్దాలు ఇచ్చాడు. తర్వాత ముక్కు డాక్టరు. సైనస్ అన్నాడు, ఆవిరి పట్టమన్నాడు. ఆవిరి పడుతుంటే ఓవెన్ లోపల ఇంకో ఓవెన్ పెట్టినట్టుండేది. ఇంకో డాక్టరు మైగ్రేన్ అన్నాడు, చీకటి గదిలో పడుకోమన్నాడు. పడుకోవడమంటే ఆవిడకు నవ్వొచ్చింది. కానీ డాక్టరుతో వాదించే అలవాటు లేదు. ఒకాయన పై దవడలో పన్ను మీద అనుమానపడ్డాడు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. అయినా పీకేశాడు. విచిత్రమేమిటంటే ఆ వారంలోనే నొప్పి మాయమైంది. క్రీమక్క సంతోషం పట్టలేక తెలిసినవాళ్ళందరికీ ఆ పళ్ళ డాక్టరు పేరే చెప్పింది. బేకరీలో ఇద్దరు ఆయన దగ్గరికి వెళ్ళి బాగున్న పళ్ళు కూడా చూపించుకొచ్చారు.

ఏడాది తిరిగి చలి వెనక్కి తగ్గగానే నొప్పి మళ్ళీ వచ్చింది. ఈసారి లేని పన్ను కూడా నొప్పెట్టింది.

అలా మూడు నాలుగేళ్ళు. ఏటా కొన్ని వారాలు రావడం, తర్వాత మంచు కరిగినట్టు పోవడం. పోయే సమయానికి ఎవరి మందు నోట్లో ఉంటే ఆ డాక్టరు గొప్పవాడు. మళ్ళీ వచ్చినప్పుడు ఆ డాక్టరే పనికిరానివాడు. దీనికి తోడు, డాక్టరు ముందు కుర్చీలో కూర్చునే సమయానికి ఆవిడ నున్నగా క్రీము రాసిన కేకులా ఉండేది. రెప్ప వాలదు, కన్ను ఎర్రబడదు. "మీకేం, నిక్షేపంలా ఉన్నారు" అనేవాళ్ళు. ఒకాయనైతే భర్తని బయటికి పంపి, "ఇంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయా అమ్మా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

ఆ ప్రశ్న అప్పటికే చాలా మంది మనసుల్లో ఉందని ఆవిడకు తెలియదు.

ఒకసారి మధ్యాహ్నమే నొప్పి వచ్చి, బేకరీ వెనక గదిలో ఎడమ కంట ధారగా నీళ్ళు కారుతుంటే యజమాని చూశాడు. ఆయన పాపం మంచి మనిషే.

"ఏంటమ్మా ఏడుస్తున్నావు? ఇంట్లో గొడవా?" అన్నాడు.

"ఏడవట్లేదండీ. తలనొప్పి."

"తలనొప్పొస్తే ఎవరైనా ఏడుస్తారా?"

"ఒక కంటితో ఏడ్చేవాళ్ళని ఎక్కడైనా చూశారా సార్?" అంది ఆవిడ. ఆయన ఆ సాయంత్రం ఆవిడను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన హారన్ వైపు ఒక రకంగా చూశాడు.

ఇక బిల్డింగులో సంగతి చెప్పనే అక్కర్లేదు. సాయంత్రమైతే మెట్ల మీదికి గోడ అవతలి నుంచి దబ్, దబ్ మని చప్పుడు. వెంటనే ఆకాశం బద్దలయ్యే గొంతుతో మగమనిషి కేక. "ఆగవే! ఆగమంటే ఆగవా! చచ్చిపోతావే!" మర్నాడు ఆవిడ నుదుటి మీద బొప్పి, ఎర్రటి కన్ను. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని అందరూ చెవులు కొరుక్కున్నారు. మూడో అంతస్తు వాళ్ళు ఆయన ఎదురైతే తలుపు వేసుకోవడం మొదలుపెట్టారు. పలకరించినా వినబడనట్టు వెళ్ళిపోయేవాళ్ళు. ఆయన గొంతు వినబడకపోవడమనేది ఎవరూ నమ్మే మాట కాదు. ఆయనకు అర్థమైంది. భార్యకు చెప్పలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటెందుకని ఊరుకున్నాడు.

మాట ఆనోటా ఈనోటా పడి ఆవిడ తమ్ముడి దాకా వెళ్ళింది. అతను సెలవు పెట్టి మరీ వచ్చాడు. బావ డ్యూటీకి వెళ్ళేదాకా ఆగి, అక్కను కూర్చోబెట్టాడు.

"అక్కా, నా మీద ఒట్టు. నిజం చెప్పు. బావ కొడుతున్నాడా?"

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ తమ్ముడి మొహం చూసి ఆగిపోయింది.

"ఎవరన్నారురా?"

"ఎవరంటే ఏంటి? ఆ నుదురేంటి?"

"గోడకేసి నేనే కొట్టుకున్నానురా."

"కొట్టించుకున్నవాళ్ళందరూ ఇదే చెబుతారక్కా. మెట్ల మీద పడ్డాననో, తలుపు తగిలిందనో."

ఆవిడ చెప్పాల్సిందంతా చెప్పింది. వాడు విన్నాడు. కానీ సాయంత్రం బావతో భోజనానికి కూర్చున్నప్పుడు కంచంలోంచి తల ఎత్తలేదు. అలాగే వెళ్ళిపోయాడు. ఆ రోజు అర్థమైంది ఆవిడకు, మెట్ల మీద తన భర్త ఒంటరిగా ఎందుకు నడుస్తున్నాడో. "మీరెందుకు చెప్పలేదండీ?" అని అడిగితే, "చెబితే నువ్వు గోడకేసి కొట్టుకోవడం మానేసి లోపల్లోపలే చచ్చిపోతావని" అన్నాడు ఆయన, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో.

నిజానికి ఆవిడ ఆ ప్రయత్నం చేసింది. నోట్లో తువ్వాలు కుక్కుకుని, చప్పుడు కాకుండా నేల మీద పొర్లి చూసింది. అలా రెండు సాయంత్రాలు. మూడోనాటికి ఆవిడ వల్ల కాలేదు.

సరిగ్గా వాళ్ళింటి మీద, రెండో అంతస్తులో, ఒక రిటైరైన పీటీ టీచరు ఒక్కతే ఉండేది. ఉద్యోగం మానేసినా నడకలో పరేడు పోలేదు. మెడలో విజిలు లేదన్న మాటే కానీ, ఆవిడ "ఏయ్!" అంటే కింద సైకిళ్ళు తొక్కే పిల్లలు కాళ్ళు దించేస్తారు. చాలా రోజులు ఆ చప్పుళ్ళు విని, ఇతరుల సంసారంలో వేలు పెట్టకూడదని తనకు తాను చెప్పుకుంది. ఆ రెండు సాయంత్రాలు చప్పుడు లేదు. చప్పుడు కంటే ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెట్టిందట. మూడో సాయంత్రం దబ్ మనగానే, ఫోనులో వీడియో నొక్కి, చేత్తో పట్టుకుని మెట్లు దిగింది. పోలీసులకు సాక్ష్యం కావాలి కదా.

తలుపు గడియ వేసి లేదు. ఐసు ముక్కలు కొనుక్కొచ్చిన హారన్ కంగారులో గడియ పెట్టడం మరిచిపోయాడు. టీచరు భుజంతో తలుపు నెట్టి, "ఏయ్!" అని అరిచి లోపలికి అడుగుపెట్టింది.

క్రీమక్క వంటింటి గోడ దగ్గరుంది. జుట్టు విడిపోయింది. ఒక చెయ్యి ఎడమ కంటి మీద. ముందుకూ వెనక్కూ ఊగుతూ నుదుటిని గోడకేసి కొడుతోంది. గోడకూ ఆవిడ తలకూ మధ్య, రెండు చేతులతో దిండు పట్టుకుని నిలబడ్డాడు ఆ నిలువెత్తు మనిషి. ఆవిడ ఎటు జరిగితే అటు దిండు జరుపుతున్నాడు. దిండు పక్కకు పోయిన చోట మోచేయి పెడుతున్నాడు. కేకలు పెట్టీ పెట్టీ గొంతు బొంగురుపోయింది. "గోడకేసి వద్దమ్మా. నా చేతికేసి కొట్టుకో. కొట్టుకో, పర్లేదు" అంటున్నాడు. ఆయన మీసం మీదుగా కన్నీళ్ళు కారుతున్నాయి. ఆయనవి రెండు కళ్ళూ.

టీచరు ఫోను పట్టుకున్న చెయ్యి దించడం మరిచిపోయింది. వీడియో అలా నడుస్తూనే ఉంది.

నొప్పి తగ్గాక క్రీమక్క నేల మీద కూర్చుని తల ఎత్తింది. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి జుట్టు ముడేసుకుంటూ, "రండి టీచర్ గారూ, కూర్చోండి" అంది, ఏమీ జరగనట్టు.

టీచరు కూర్చోలేదు. హారన్ వైపు తిరిగి, "నేను నిన్ను పట్టిద్దామని వచ్చాను నాయనా" అంది. ఆవిడ మాట దాపరికం తెలియని మాట. "ఇన్నాళ్ళూ నిన్ను రాక్షసుడనుకున్నాను."

ఆయన ఐసు ముక్కలు గుడ్డలో చుడుతూ, "అనుకున్నారు కాబట్టే వచ్చారు టీచర్ గారూ. ఈ బిల్డింగులో మీలాగే అనుకున్న మిగతావాళ్ళెవరూ ఈ గుమ్మం తొక్కలేదు" అన్నాడు.

ఆ మాట టీచరుకు తగలాల్సిన చోట తగిలింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరినీ లేపి, తయారు చేయించి, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఆవిడ లెక్క ప్రకారం అది మూర్ఛ. దారి పొడుగునా మూర్ఛ గురించి చెబుతూనే ఉంది. లెక్క తప్పు. కానీ మూర్ఛ అనుకోవడం వల్లే తిన్నగా నరాల విభాగానికి తీసుకెళ్ళింది. అన్నేళ్ళలో ఆ గుమ్మం మాత్రం వాళ్ళు తొక్కలేదు.

నరాల డాక్టరమ్మ చిన్న మనిషి, పెద్ద కళ్ళజోడు. క్రీమక్క ఎప్పట్లాగే కుర్చీ అంచున నిక్షేపంలా కూర్చుంది. టీచరు మాత్రం మధ్యలోనే, "మాటలెందుకు డాక్టర్ గారూ, ఇది చూడండి" అని ఫోను బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ చూసింది. ఆపి, క్రీమక్క మొహం కనబడే చోట పెద్దది చేసి చూసింది. మళ్ళీ మొదటి నుంచి చూసింది.

"నొప్పి వచ్చినప్పుడు పడుకోగలరా?"

"పడుకోవడమా? కూర్చోవడం కూడా రాదండీ."

"ఎప్పుడూ ఎడమ వైపేనా? రోజూ ఇదే వేళకా? ఈ కాలంలోనేనా?"

ప్రతిదానికీ క్రీమక్క తల ఊపుతూ పోయింది. ఊపుతున్నకొద్దీ ఆవిడ వెన్ను నిటారుగా అయింది. తననెన్నడూ చూడనివాళ్ళు తన బొమ్మ గీస్తుంటే చూసినట్టు చూసింది.

"ఈ మాటలు ఇంతవరకు ఎవరూ అడగలేదా?"

"ఎక్కడ నొప్పి అని అడిగారండీ. ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. నొప్పొస్తే నువ్వేం చేస్తావని ఎవరూ అడగలేదు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మైగ్రేన్ వచ్చినవాళ్ళు కదలరమ్మా. కదిలితే నొప్పి ఎక్కువవుతుంది. మీరు కదలకుండా ఉండలేకపోతున్నారు. దీన్ని క్లస్టర్ తలనొప్పి అంటారు. అంటే గుంపుగా వచ్చేది. కొన్ని వారాలు రోజూ వచ్చి, తర్వాత ఏడాదిపాటు మొహం చాటేస్తుంది. కళ్ళూ ముక్కూ పళ్ళూ ఏవీ కారణం కాదు. మగవాళ్ళలో ఎక్కువ చూస్తాం, అందుకే ఆడవాళ్ళకి వస్తే మైగ్రేన్ అనో, మనసు బాగోలేదనో అనేస్తారు. స్కాను ఒకటి తీయించి ఇంకేమీ లేదని చూసుకుందాం. దీనికి మందులున్నాయి."

చివరి మాట విని హారన్, "ఉన్నాయా?" అన్నాడు. బయట వరసలో కూర్చున్నవాళ్ళు కూడా తలలు తిప్పారు.

డాక్టరమ్మ ఇంకో ప్రశ్న అడిగింది, మెల్లగా. "ఈ నొప్పిలో ఎప్పుడైనా ఇక చాలు, బతకలేను అనిపించిందా? చాలామందికి అనిపిస్తుంది. సిగ్గుపడే విషయం కాదు."

క్రీమక్క భర్త వైపు చూడకుండా తల ఊపింది. ఆయన పెద్ద చెయ్యి వచ్చి ఆవిడ చేతి మీద పడింది. ఆయనకు ఆ సంగతి తెలుసునని ఆవిడకు ఆ చేతి బరువులో తెలిసింది. వంటింట్లో కత్తిపీట కొన్నాళ్ళుగా ఎందుకు కనబడటం లేదో కూడా అప్పుడే తెలిసింది.

"ఇక మీదట అనిపిస్తే ఆయనకో నాకో చెప్పాలి. ఏ వేళైనా సరే. అది మీరు కాదు, నొప్పి మాట్లాడే మాట" అంది డాక్టరమ్మ.

స్కానులో ఏమీ లేదు. వైద్యం మొదలైంది. కథ ఇక్కడితో సుఖాంతమైతే బాగుండేది. కాలేదు.

నొప్పి రాగానే ఆక్సిజన్ పీల్చాలని డాక్టరమ్మ రాసిచ్చింది. సిలిండర్లు అద్దెకిచ్చేవాళ్ళు ఒకటి తెచ్చి మంచం పక్కన నిలబెట్టారు. ముక్కులో పెట్టుకునే సన్నటి గొట్టం ఒకటి ఇచ్చి, కొంచెంగా తిప్పి, "ఇంతకంటే ఎక్కువ పెట్టకండి, ప్రమాదం" అని చెప్పి వెళ్ళారు. ఇంట్లో సిలిండరుంది, నిప్పు రాజేయకూడదన్నారు. పొయ్యి ఆ గదికి దూరమే. హారన్ మాత్రం మెట్ల మీద కాల్చే సిగరెట్టు కూడా ఆ రోజే పారేశాడు. "మా నాన్న బెల్టుకి మానలేదు, ఈ ఇనప డబ్బాకి మానాను" అన్నాడు.

సాయంత్రం నొప్పి వచ్చింది. గొట్టం పెట్టుకుంది. గాలి ముక్కులో చక్కిలిగింత పెట్టింది, అంతే. నొప్పి దాని దారిన అది నడిచింది. ఆ పూట ఆవిడ గొట్టం పీకి విసిరికొట్టింది. నొప్పి కంటే ఎక్కువగా బాధపెట్టింది ఆశ. అంతకుముందు ఏ మందూ పనిచెయ్యదని తెలుసు కాబట్టి ఒక రకమైన స్థిమితం ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. "గాలి తిని బతకమన్నారు. ఇక నన్నెక్కడికీ తీసుకెళ్ళకండి" అని, నొప్పి దిగాక గోడ వైపు తిరిగి పడుకుంది.

టీచరు ఆ మాటకు ఒప్పుకునే మనిషి కాదు. "మొదటి గంతులో పడిపోతే ఆటలోంచి వెళ్ళిపోతారా?" అని కేకలేసి, మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ ఆ సన్నటి గొట్టం సంగతి విని తల పట్టుకుంది.

"తప్పు నాదే. ఆక్సిజన్ అని రాసి ఊరుకున్నాను. ఎలా పీల్చాలో చూపించలేదు." మూతికీ ముక్కుకీ కలిపి పెట్టుకునే మాస్కు, దాని కింద వేలాడే సంచి తెప్పించి చూపించింది. "సంచి ఎప్పుడూ ఉబ్బి ఉండాలి. ధార బాగా ఎక్కువ పెట్టాలి, నేను రాసినంత. నొప్పి ముదిరాక కాదు, మొదలవ్వగానే. కూర్చుని, కాస్త ముందుకు వంగి, నిండుగా పీల్చాలి." హారన్ బస్సు నేర్చుకున్నప్పుడు కూడా అంత శ్రద్ధగా విని ఉండడు. మీటరు ఎక్కడుండాలో, మరను ఎటు తిప్పాలో ఆయన చేతే చేయించింది. సిలిండరువాళ్ళతో ఫోనులో తనే మాట్లాడింది.

ఆ రోజు సాయంత్రం కన్ను వెనక ఓవెన్ తలుపు కిర్రుమనగానే ఆవిడ మాస్కు పెట్టుకుంది. టీచరు ఎదురుగా కూర్చుని, పిల్లలతో కసరత్తు చేయించినట్టు, "పీల్చు... వదులు... పీల్చు..." అంటోంది. నొప్పి ఎక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ, సగం దారిలో ఆగినట్టనిపించింది. ఆవిడ నమ్మలేదు. ఇంకాస్త పీల్చింది. వేడి వెనక్కి తగ్గుతోంది. పావుగంట అయిందో లేదో కన్ను తడారింది. లోపల ఇంకెక్కడైనా నక్కి ఉందేమోనని ఆవిడ చాలాసేపు కదలకుండా వెతుక్కుంది. లేదు. వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టారు. నొప్పి వచ్చే రోజుల్లో ఆ వేళ వీధి చప్పుళ్ళు ఆవిడ నాలుగేళ్ళుగా వినలేదు.

మాస్కు తీసి, "పోయింది" అంది.

"పోయిందా?" అన్నాడు హారన్. ఆ అరుపుకి మూడో అంతస్తులో తలుపు మూసిన చప్పుడైంది. ఎవరూ పట్టించుకోలేదు.

అసలు నొప్పులే రాకుండా ఆపడానికి రోజూ వేసుకునే మాత్రలు వేరే ఇచ్చారు. అవి పనిచెయ్యడానికి వారాలు పట్టింది. కొంచెం కొంచెంగా పెంచుతూ, పెంచిన ప్రతిసారీ గుండె పరీక్ష చేస్తూ పోయారు. మలబద్ధకం పట్టుకుంది. "తలలో అడ్డు తీసి అక్కడ పెట్టారేంటండీ" అని క్రీమక్క అడిగితే డాక్టరమ్మ కళ్ళజోడు తీసి మరీ నవ్వింది. ఆక్సిజన్ దగ్గర లేనప్పుడు తొడలో పొడుచుకునే ఇంజెక్షను కూడా ఇచ్చారు. మొదటిసారి హారన్ పొడవబోయి, సూది చూసి, కుర్చీలో కూలబడ్డాడు. "ఇలా ఇవ్వండి" అని ఆవిడే తీసుకుని, క్రీము కోనుకి నాజిలు బిగించినంత తేలిగ్గా పొడుచుకుంది.

బిల్డింగులో సంగతంతా ఒక్కరోజులో మారిపోలేదు. టీచరు మెట్ల మీద నిలబెట్టి ఎంతమందికి చెప్పినా, మూడో అంతస్తు వాళ్ళు ఇప్పటికీ ఆయనకు తలుపు తియ్యరు. తమ్ముడు మాత్రం వచ్చాడు. బావ ముందు నిలబడి, ఎలా మొదలుపెట్టాలో తెలియక చేతులు నలుపుకున్నాడు. హారన్ వాడి వీపు మీద ఒక్కటి చరిచి, "మీ అక్క కోసం నన్ను అనుమానించావు. రేపు నీ చెల్లెలి మొగుణ్ణి కూడా ఇలాగే అనుమానించు" అన్నాడు. ఆ చరుపు రెండు రోజులు నొప్పెట్టిందని వాడు ఇప్పటికీ చెబుతాడు.

మరుసటి ఏడాది చలి వెళ్ళేవేళకి నొప్పి మళ్ళీ వచ్చింది. ముందే మాత్రలు మొదలుపెట్టారు కాబట్టి రోజూ రాలేదు. వచ్చినవాటిలో కొన్ని ఆక్సిజన్‌కి లొంగాయి. ఒకటి లొంగలేదు. బేకరీలో, అప్పుడే దించిన ట్రేల మధ్య వచ్చిన ఆ నొప్పికి ఇంజెక్షను వేసుకుని, సామాన్ల గదిలో పిండి బస్తాల చుట్టూ తిరిగింది. యజమాని తలుపు బయట నిలబడి, ఎవరినీ లోపలికి రానివ్వలేదు. కాసేపయ్యాక ఆవిడ బయటికొచ్చి మొహం కడుక్కుని, సగంలో ఆపిన కేకు ముందు కూర్చుంది.

ఒక ఆదివారం బట్టలు ఆరేస్తుంటే హారన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏదో అడగబోయి, ఆగి, మళ్ళీ అడిగాడు.

"అది ఎలా ఉంటుందే? ఎప్పుడూ అడగలేదు. భయమేసి."

ఆవిడ చీర విదిలించి తీగ మీద వేసింది. చెప్పడానికి చాలా ఆలోచించింది.

"ఇప్పుడు గుర్తురావట్లేదండీ. ఘోరంగా ఉంటుందని తెలుసు. ఎలా ఉంటుందో మాత్రం రావట్లేదు."

"మంచిదే కదా" అన్నాడాయన. బకెట్లోంచి చొక్కా తీసి అందిస్తూ, "నాకు మాత్రం అంతా గుర్తుంది" అన్నాడు. ఆవిడ క్లిప్పులు ఆయన చేతికిచ్చింది. ఇద్దరూ కలిసి మిగతా బట్టలు ఆరేశారు.

మొన్నామధ్య పరీక్ష కోసం ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ బయటికొచ్చి ఆవిడను పిలిచింది. వరండాలో ఒక మనిషి. ముప్పయ్యేళ్ళుంటాయి. కండలు తిరిగినవాడు, గ్యారేజీ నూనె చొక్కా మీద అలాగే ఉంది. ఎడమ కాదు, కుడి కన్ను నిప్పులా ఉంది. వరండా ఈ చివర నుంచి ఆ చివరకి విసవిసా తిరుగుతున్నాడు. వాళ్ళ అమ్మ కాబోలు, వెనకే పరిగెడుతూ, "కూర్చోరా, కాస్త కూర్చోరా నాయనా" అని బతిమాలుతోంది. నర్సు కూడా కూర్చోమంటోంది. లోపల ఆక్సిజన్ సిద్ధం చేస్తున్నారు.

క్రీమక్క కూర్చోమనలేదు. చేతిసంచి ఆ తల్లికి ఇచ్చి, వెళ్ళి అతని పక్కన నడవడం మొదలుపెట్టింది. అతని అడుగులు పెద్దవి, ఆవిడ సగం నడక, సగం పరుగు. రెండు చివరలూ తిరిగాక అతను గొణిగాడు.

"మీకేం తెలుసండీ?"

"తెలుసు తమ్ముడూ. నాకూ ఇదే."

అతను వింతగా చూశాడు. ఆవిడ మొహం నిక్షేపంలా ఉంది. నడక ఆగలేదు.

"పోతుందా ఇది?"

"పూర్తిగా పోదు. వస్తూ ఉంటుంది. కిందటి వారం కూడా వచ్చింది. సాయంత్రం వచ్చింది, మాస్కు పెట్టుకున్నాను, పొయ్యి మీద కుక్కరు దించేలోపు పోయింది. ఆ తర్వాత భోంచేశాను."

అతను అప్పుడు ఒక్క క్షణం ఆగాడు.

"భోంచేశారా?"

"చేశాను. రెండోసారి వడ్డించుకున్నాను కూడా. పద, లోపలికి పిలుస్తున్నారు."